అరికాలు చూసుకున్నారా?

ముఖానికి ఏం రాసుకోవాలి, జుట్టు రాలకుండా ఏ నూనె వాడాలి అని అడుగుతూ నాకు వారం వారం బోలెడు ఉత్తరాలు వస్తాయి. మొటిమల సంగతి సరేసరి! కాళ్ళను గురించి అడిగేవారు మాత్రం బహు అరుదు. ముఖం అద్దంలో రోజుకు పదిసార్లు కనిపిస్తుంది. అరికాలు కనిపించాలంటే మనమే వంగాలి. నలభై ఏళ్ళు దాటాక నడుము అందుకు ఒప్పుకోదు. అంచేత నొప్పి పుట్టినప్పుడు తప్ప కాళ్ళు మనకు జ్ఞాపకం రావు.

అలాగని మనవాళ్ళు కాళ్ళకు మర్యాద చేయరనడానికి వీల్లేదు. ఇంటికి వచ్చినవారికి ముందు కాళ్ళకు నీళ్ళిస్తాము. పేరంటానికి వచ్చిన ముత్తైదువను కూర్చోబెట్టి పాదాలకు పసుపు రాస్తాము. పెళ్ళికూతురికి పారాణి పెడతాము. శ్రావణమాసపు పేరంటాలలో నేను పసుపు రాసిన పాదాలు ఎలా ఉన్నాయో చెప్పమంటారా? పట్టుచీర అంచు కింద నెర్రెలు విచ్చిన మడమలు. చిటికెనవేలి పక్కన తెల్లగా నానిపోయిన చర్మం. ఆనెకాయ మీద అతికించిన మందుబిళ్ళ. మాంసంలోకి దిగబడిన బొటనవేలి గోరు. పసుపు వీటన్నిటినీ చక్కగా కప్పేసింది!

ఇటీవల గుంటూరు జిల్లానుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం చూశాక ఈ వారం కాళ్ళను గురించే వ్రాయాలనిపించింది. ఆమె అత్తగారికి మడమలు బాగా పగిలాయట. పక్కింటావిడ కొవ్వొత్తి మైనం నూనెలో కరిగించి, వేడివేడిగా పగుళ్ళలో పోయమన్నారట. పోయవచ్చునా అని ప్రశ్న. ఉత్తరం రెండు పేజీలు ఉంది. చివర తా.క. అని పెట్టి ఇలా వ్రాశారు: "అత్తయ్యగారికి పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. ఈమధ్య నడుస్తూండగా చెప్పు జారిపోయినా ఆవిడకు తెలియడం లేదు. ఒంటిచెప్పుతో గుమ్మందాకా వచ్చేస్తున్నారు. మేమంతా ఒకటే నవ్వు!"

అమ్మాయీ, ఉత్తరమంతా ఒక ఎత్తు, ఈ తా.క. ఒక ఎత్తు. నవ్వవలసిన సంగతి కాదిది. ముందు ఆ మైనం పొయ్యిమీదనుంచి దించండి. పగుళ్ళ సంగతి అందరికీ పనికివచ్చేది గనుక అది చెప్పి, చెప్పు జారిన సంగతికి తర్వాత వస్తాను.

మన చర్మంలో చాలాచోట్ల నూనె ఊరే గ్రంథులు ఉంటాయి. అరికాలిలో అవి లేవు. చెమట పట్టే గ్రంథులు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. అందుచేత అరికాలి చర్మం తొందరగా ఎండి, మందమెక్కుతుంది. ఒళ్ళు బరువంతా మడమ మీద పడినప్పుడు లోపలి కొవ్వు మెత్త పక్కలకు పరుచుకుంటుంది. ఎండిన చర్మం సాగలేక, బీటలు వారిన చేనులా విచ్చుకుంటుంది. వెనక పట్టీలేని చెప్పులు, గచ్చుమీద గంటల తరబడి వట్టికాళ్ళతో నిలబడి వంట, చలికాలపు గాలి, ఇవన్నీ దానికి తోడు.

రాత్రి పడుకోబోయేముందు గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు కాళ్ళు పెట్టండి. అంతకంటె ఎక్కువసేపు నానబెడితే చర్మం మరింత ఎండుతుంది. బజారులో కాళ్ళు రుద్దుకునేందుకు తేలికరాయి దొరుకుతుంది. దానితో మందమైన చోట పైపైన రుద్ది, మెత్తని గుడ్డతో తుడిచి, చెమ్మ పూర్తిగా ఆరకముందే వాజిలీనుగాని కొబ్బరినూనెగాని పట్టించి, పాత నూలు మేజోళ్ళు తొడుక్కుని పడుకోండి. పదిహేను రోజులు విడవకుండా చేస్తే తేడా మీకే తెలుస్తుంది. మొండి పగుళ్ళకు యూరియా కలిసిన పూతమందు మంచిది. ఒక్కరోజులో బాగుపడాలని బ్లేడుతో చెక్కుకునేవారున్నారు. చెక్కినకొద్దీ చర్మం ఇంకా మందంగా వస్తుంది, తెగితే పుండవుతుంది. ఎన్నాళ్ళు చేసినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపమున్నా, అరికాలికి బూజు వ్యాధి పట్టినా మడమలు అలాగే పగులుతాయి.

వేళ్ళ సందుల సంగతి ఇంకా ముఖ్యం. మన ఆచారంలో కాళ్ళు కడుక్కోవడం ఉంది, తుడుచుకోవడం లేదు! బయటినుంచి వస్తూనే చెంబెడు నీళ్ళు గుమ్మరించుకుని, గుమ్మంలోని పట్టామీద రెండుసార్లు రాసి, లోపలికి వెళ్ళిపోతాము. అరికాలు తుడిచినట్లే ఉంటుంది, వేళ్ళ మధ్య తడి అలాగే ఉంటుంది. అంట్లు, బట్టలు, వాకిలి, మళ్ళీ నీళ్ళు. వానాకాలం వస్తే చెప్పనక్కరలేదు. వరినాట్లు వేసే స్త్రీలకైతే రోజంతా బురదలోనే పని. చిటికెనవేలికీ దాని పక్కవేలికీ మధ్య సందు అన్నిటికంటె ఇరుకు గనుక, సాధారణంగా అక్కడే మొదలు చర్మం తెల్లబడి, ఒరిసిపోయి, దురద పెడుతుంది. దీనిలో ఒక రకం బూజు పెరుగుతుంది. కాళ్ళకంటూ ఒక పాత మెత్తని గుడ్డ విడిగా పెట్టుకుని, ప్రతి సందూ వేలు దూర్చి తుడవడం మొదటి వైద్యం. నూనె మడమకు మంచిది గాని వేళ్ళ సందుల్లో రాయకండి.

మందు వాడవలసివస్తే క్లోట్రిమజోల్ గాని టెర్బినఫిన్ గాని ఉన్న పూత సరిపోతుంది. దురద తగ్గిన రోజునే మానేయకుండా డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. మందుల షాపులో "దురద పోవాలి" అని అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన గొట్టం ఒకటి చేతిలో పెడతారు. అందులో స్టిరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, బూజు మాత్రం లోలోపల మరింత పాకుతుంది. గొట్టం మీది అక్షరాలు చదివి కొనండి. ఒరిసిన సందు చిన్నదే కదా అనుకోవద్దు. దానిగుండానే క్రిములు లోపలికి వెళ్ళి, కాలు మోకాలిదాకా ఎర్రగా వాచి, చలిజ్వరంతో ఆసుపత్రిలో చేరేవారుంటారు.

గోళ్ళను అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. అందంకోసం మూలలు గుండ్రంగా లోపలిదాకా కత్తిరిస్తే పెరిగే గోరు మాంసంలోకి దిగుతుంది. ఆనెకాయ చెప్పు ఒత్తిడివల్ల వచ్చేది. ఒత్తే చెప్పు మార్చకుండా ఆనెను ఎన్నిసార్లు తీయించినా మళ్ళీ వస్తుంది. ఆనెకు అతికించే బిళ్ళల్లో ఉండేది చర్మాన్ని తినే ఆసిడ్. అది ఆనెనూ తింటుంది, పక్కనున్న మంచి చర్మాన్నీ తింటుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు వాటి జోలికి పోకూడదు.

ఇక చెప్పు జారిన సంగతి.

చెప్పు కాలికి ఉన్నదీ లేనిదీ మనకు చూడకుండానే తెలుస్తుంది. వేళ్ళు పట్టుకుంటాయి, అరికాలు కబురు చెబుతుంది. చక్కెర చాలా ఏళ్ళు అదుపు తప్పి ఉంటే పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి. అన్నిటికంటె పొడవైనవి కాలివేళ్ళ దాకా వెళ్ళేవే. మొదట చీమలు పాకినట్లు ఉండవచ్చు, అరికాళ్ళు మండవచ్చు, ఏ బాధా లేకుండా చల్లగా మొద్దుబారిపోవచ్చు. మంట ఉన్నవారు డాక్టరు దగ్గరకు పరుగెత్తుతారు. మొద్దుబారినవారు ఏ బాధా లేదు గనుక ఇంట్లో కూర్చుంటారు. నాకు భయం ఈ రెండోవారిని గురించే.

మా వీధి చివరింటి మాస్టారు ఒకనాడు సాయంకాలం చెప్పు విప్పితే అడుగునుంచి తుమ్మముల్లు దూరి, కాలిలో దిగి ఉన్నది. ఆ ముల్లుతో పొద్దుటినుంచి బజారంతా తిరిగారు! "చూశావటమ్మా, నాకు నొప్పి అన్నమాటే లేదు" అని గొప్పగా చెప్పారు నాతో. ఇంట్లోవాళ్ళు కూడా మాస్టారి ఓర్పుకు మెచ్చుకున్నారు. నెల తిరక్కుండా ఆయన కాలివేళ్ళు రెండు తీసేశారు. క్రిమి ఎముకదాకా వెళ్ళిన తర్వాతగాని, వాసన వచ్చిన తర్వాతగాని ఎవరూ ఆ గాయాన్ని చూడలేదు. 2023లో భారత వైద్య పరిశోధన మండలివారి పెద్ద సర్వే లెక్క ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు 10 కోట్ల పైచిలుకు. వీరిలో ఎంతమంది తమ అరికాళ్ళు చూసుకుంటున్నారు?

నొప్పి లేకపోతే కాలు పోతుందని వైద్యలోకం గట్టిగా గ్రహించిన చోటు మనకు దగ్గరలోనే ఉంది. చిత్తూరు జిల్లావాళ్ళు పెద్ద జబ్బు వస్తే వెల్లూరు వెళతారు గదా, ఆ వెల్లూరే. పాల్ బ్రాండ్ అనే ఇంగ్లీషు డాక్టరు 1914లో నేటి తమిళనాడులోని కొల్లికొండలలో మిషనరీ దంపతులకు పుట్టాడు. లండనులో చదువుకుని, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. ఆ రోజుల్లో కుష్ఠురోగుల వేళ్ళు ఆ రోగంవల్లనే కుళ్ళి రాలిపోతాయని నమ్మేవారు. బ్రాండు ఊరుకోక గమనిస్తూ పోయాడు. నిప్పుల్లోంచి వస్తువును వట్టిచేత్తో తీసేవారు ఉన్నారు. ఎక్కిన మేకు మీదనే నడిచేవారు ఉన్నారు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికినా లేవనివారు కూడా ఉన్నారు. రోగుల గదుల్లో పిల్లుల్ని పెంచవలసి వచ్చింది! రోగం చేసిన అపకారం నరాల్లోని స్పర్శను చంపడం, మిగిలినదంతా కనిపెట్టని చిన్న గాయాలు చేసినది అని ఆయన తేల్చాడు.

ఆయన జీవితంలో ఒక ఘట్టం నాకు బాగా గుర్తు. ఇంగ్లండులో సుదీర్ఘమైన రైలు ప్రయాణం చేసి, రాత్రి బసలో మేజోళ్ళు విప్పుతుంటే ఒక మడమ మొద్దుబారినట్లు తోచింది. సూది గుచ్చుకున్నాడు. నొప్పి లేదు. ఇన్నేళ్ళు కుష్ఠురోగుల మధ్య పనిచేసినందుకు తనకూ అంటుకున్నదనుకుని రాత్రంతా కన్ను మూయలేదు. తెల్లవారి మళ్ళీ గుచ్చుకుంటే కెవ్వుమన్నాడు. రైలులో కదలకుండా కూర్చోవడంవల్ల నరం ఒత్తుకుని తిమ్మిరెక్కిందంతే! ఆ నొప్పికి ఆయన పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. 2003లో ఆయన పోయాడు. స్పర్శ లేని పాదాలకని వెల్లూరులో వాడుకలోకి తెచ్చిన మెత్తని రబ్బరు చెప్పులు, ఎం.సి.ఆర్. చెప్పులంటారు, ఇప్పుడు చక్కెర వ్యాధివారికి కూడా డాక్టర్లు వ్రాసి ఇస్తున్నారు.

స్పర్శ ఉన్నదీ లేనిదీ ఇంట్లోనే తెలుసుకునే పరీక్ష ఒకటి ఉంది. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అనే ఊరి ఆసుపత్రి డాక్టర్లు 2011లో ప్రకటించారు. పైసా ఖర్చు లేదు, ఒక చూపుడువేలు చాలు. అత్తగారిని మంచంమీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. కుడికాలు తాకితే "కుడి" అనీ, ఎడమకాలు తాకితే "ఎడమ" అనీ చెప్పమనండి. తర్వాత మీ వేలికొనతో ఈకతో తాకినంత తేలికగా, ఒకటి రెండు సెకండ్లపాటు, బొటనవేలి కొసను, చిటికెనవేలి కొసను, నడిమివేలి కొసను తాకండి. కాలికి మూడు చొప్పున ఆరు తాకుళ్ళు. నొక్కకూడదు, గీరకూడదు, చెప్పకపోతే రెండోసారి తాకకూడదు. ఆరింటిలో రెండుగాని అంతకంటె ఎక్కువగాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే. ఇక ఆలస్యం చేయక డాక్టరుకు కాళ్ళు చూపించాలి. ఆరూ తెలిసినా సరే, చక్కెర వ్యాధి ఉన్నవారు ఏడాదికొకసారి డాక్టరుచేత పాదాలు పరీక్ష చేయించుకోవలసిందే. కోడలు కాలు పట్టుకుంటే కొందరు అత్తగార్లు మొహమాటపడతారు. మనవడిచేత ఆటలాగా చేయించండి, నవ్వుతూ చేయించుకుంటారు.

స్పర్శ తగ్గిన పాదానికి ఆ కబురు కళ్ళు చెప్పాలి. రోజూ పడుకోబోయేముందు మంచి వెలుతురులో అరికాలు, మడమ, ప్రతి వేలి సందు చూడాలి. వంగలేనివారు చేతి అద్దం నేలమీద పెట్టుకుని చూసుకోవచ్చు, లేదా ఇంట్లో ఒకరు చూడాలి. చెప్పు తొడుక్కునేముందు లోపల చెయ్యి పెట్టి రాయి, మేకు తడిమి చూడాలి. నీళ్ళ వేడి మోచేతితో చూసిన తర్వాతే కాలు పెట్టాలి. మీ అత్తయ్యగారి మడమలకు కాళ్ళు నానబెట్టడం, రాయితో రుద్దడం డాక్టరు చూసేదాకా వద్దు. వాజిలీను ఒక్కటి చాలు. కాపడం ఇటుక, రబ్బరు తిత్తి, కాగిన మైనం ఆ పాదాల దరిదాపులకు రాకూడదు. బొబ్బలెక్కినా ఆవిడకు తెలియదు! చిన్న గాయమైనా, నొప్పి లేకపోయినా, ఆ రోజే కాకపోతే మర్నాడు డాక్టరుకు చూపించాలి. ఒక కాలు ఎర్రగా వాచి, రెండో కాలికంటె వేడిగా ఉండి, నొప్పి లేదంటే బెణికిందనుకుని పట్టు వేసి ఊరుకోవద్దు. లోపల ఎముకలు దెబ్బతింటూ ఉండవచ్చు. చుట్టగాని సిగరెట్టుగాని తాగేవారికి కాలికి నెత్తురు సరిగా అందదు, అంచేత పుండు మానడం మరీ కష్టం.

దేవుడి విషయంలోనే అసలు చిక్కు వస్తుంది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, చాలామంది వట్టికాళ్ళతోనే ఎక్కుతారు. దీక్ష తీసుకున్నవారు 41 రోజులు చెప్పు తొడగరు. మిట్టమధ్యాహ్నం గుడి ప్రాకారంలో బండలు ఎలా కాలుతాయో మనకు తెలుసు, రెండడుగులు వేసి నీడకు ఉరుకుతాము. స్పర్శ లేనివారు నిమ్మళంగా మూడు ప్రదక్షిణలూ పూర్తిచేస్తారు. ఇంటికి వచ్చాక అరికాళ్ళ నిండా బొబ్బలు! అటువంటివారు గుడికి పొద్దెక్కకముందే వెళ్ళాలి, తిరిగి వచ్చి అరికాళ్ళు చూసుకోవాలి. మెట్లెక్కే మొక్కు ఉంటే ముందు డాక్టరును అడగాలి. ఆయన వద్దంటే బస్సులో కొండెక్కినా స్వామి ఏమీ అనుకోడని నా నమ్మకం.

చెప్పులు కొనడానికి సాయంకాలం వెళ్ళండి. పగలంతా తిరిగితే పాదాలు కొంచెం ఉబ్బుతాయి, పొద్దున సరిపోయిన చెప్పు సాయంత్రానికి ఒత్తుతుంది. రెండు కాళ్ళూ ఒక్క కొలత ఉండవు గనుక పెద్దకాలికి సరిపోయేది తీసుకోవాలి. నిలబడి చూస్తే వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు జాగా ఉండాలి. మీ అత్తయ్యగారికి వేళ్ళ మధ్య గుబ్బతో ఉండే హవాయి చెప్పులు మాన్పించి, పైన అతుకుపట్టీలు, వెనక పట్టీ ఉన్న మెత్తనివి కొనండి. ఇంట్లో కూడా అవి తొడుక్కోవాలి. ఇంట్లో చెప్పులేమిటని చుట్టాలు అనుకుంటే అనుకోనీండి, వంటింటికీ పూజకూ వేరే జత పెట్టుకోవచ్చు. పిల్లల బూట్లు మూడు నెలలకొకసారి నొక్కి చూడండి. పెద్దాడి బూట్లు చిన్నాడికి వేయడం పొదుపే గాని, ఒకరి పాదానికి ఒదిగిన బూటు ఇంకొకరి పాదాన్ని వంకర తొక్కిస్తుంది. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలున్నాయి, పిల్లల్లో అవి ఇంకా లేతగా ఉంటాయి. దొడ్లోకీ పొలంలోకీ వట్టికాళ్ళతో తిరిగే పిల్లలకు కొంకిపురుగు అరికాలి చర్మంగుండానే ఒంట్లోకి వెళ్ళి నెత్తురు పీలుస్తుందని కూడా జ్ఞాపకం ఉంచుకోండి.

రాజమండ్రినుంచి మరొక సోదరి తనకు ఏడో నెల అనీ, కాళ్ళు వాచి మెట్టెలు బిగుసుకుపోయాయనీ, తీయడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదనీ వ్రాశారు. పొద్దున లేవగానే వాపు తక్కువగా ఉంటుంది, అప్పుడు సబ్బు నురగ రాసి మెల్లగా తిప్పుతూ తీయండి. కొసలు కలవని మెట్టెలైతే కాస్త విప్పదీసి వదులు చేయవచ్చు. వేలు నల్లబడినా నీలంగా మారినా ఆసుపత్రికి వెళితే నిమిషంలో కత్తిరించేస్తారు. పాదాలతోబాటు ముఖమూ చేతులూ కూడా వాచి, తలనొప్పి, కళ్ళు మసకలు ఉంటే మాత్రం మెట్టెల మాట అలా ఉంచి, వెంటనే వెళ్ళి రక్తపుపోటు చూపించుకోండి. పెద్దవాళ్ళకు ఈ పేజీ చదివి వినిపించండి. కానుపయ్యాక వాళ్ళే మళ్ళీ మెట్టెలు తొడుగుతారు.